పాటలో మార్చిన పేరు

నిన్న పాల్వంచ బస్సులో, మూక కొట్టి చంపిన ఒక మనిషి గురించి ఎవరి ఫోన్‌లోనో పాట మోగింది. "లొల్లి బంద్‌జెయ్యి" అని కండక్టర్ దాన్ని ఆపించాడు. అప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు.

నా ఏడో ఏట మా ఊరి కూలీ సోమయ్యను దొంగ అనుకొని జనం కొట్టారు. మిగిలిన ప్రాణాన్ని పోలీసులు స్టేషన్‌లో తీశారు. మా మేనత్త అతని మీద పాట కట్టింది. మిరపకాయలు ఏరే ఆడవాళ్లందరూ దాన్ని నేర్చుకున్నారు.

ఒకనాడు వాళ్లు పాడుతుండగా పోలీసు జమేదారు చేనుగట్టు మీదికి వచ్చాడు. అత్త చప్పున "ఏడబోయినవ్ సోమయ్యా" అన్న పల్లవిని "ఏడబోయినవ్ మావయ్యా" అని మార్చింది. సరసపు పాట అనుకొని అతను నవ్వాడు. అత్త మరిచిపోయిందనుకొని నేను అరిచాను: "మావయ్య గాదత్తా, సోమయ్య!"

అతని నవ్వు ఆగిపోయింది. అత్తను స్టేషన్‌కు తీసుకుపోయారు. పొద్దుగూకే వేళకు ఆమె వాచిన అరచేతులతో తిరిగివచ్చి, ఏడుస్తున్న నన్ను దగ్గరికి తీసుకుంది. "ఏడ్వకు బిడ్డా. నేనే భయపడి పేరు మార్చిన. నువ్వు సరిగ్గనే జెప్పినవ్."

మర్నాడు మిరపచేనులో ఆమె సోమయ్య పేరుతోనే పాట ఎత్తుకుంది. "సరిగ్గనే జెప్పినవ్" అన్న ఆమె మాటను పెద్దయ్యాక నా నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని, దాని కింద నా సవరణ కూడా ఉంది: నేను ఏమీ తెలియక ఆ పేరు పలికాను, అన్నీ తెలిసి పలికింది ఆమె.