పాజిటివ్ వచ్చిన రోజు మలైకాజాలు

బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తే చాలామంది ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం నవ్వొస్తుంది. మా అల్లూరులో కొత్త పంటకు ముందు రొయ్యల గుంటల నీళ్లలో ఆ పౌడర్ చల్లుతారు. గాలి ఇటు తిరిగితే మా ల్యాబంతా అదే వాసన. ఈ ఉదయం కిటికీ తెరవగానే గుప్పున కొట్టింది, వెంటనే మస్తాన్ గారు గుర్తొచ్చారు. ఈ ల్యాబు ఆయనది. హేచరీ నుంచి రైతులు తెచ్చే రొయ్య పిల్లల్ని మేం సీడ్ అంటాం. ఆ సీడ్‌కు తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పరీక్షించి చెప్పడం మా పని. చదువు ముగియగానే నేరుగా ఆయన దగ్గరే చేరాను. ఆయన పోయి కొంతకాలమైంది. అయినా ఆయన కుర్చీలో కూర్చోవాలంటే నాకింకా మొహమాటమే.

మనిషి మహా మొండి. నవ్వుతూనే మొండి. సీడ్ వ్యాను బయట నిలబెట్టి రైతులు బతిమాలేవాళ్లు. "నీళ్లు రెడీగా ఉండాయి సార్, పిల్ల మంచి హుషారుగా ఉండాది, ఇంకా పరీక్షెందుకు?"

ఆయన టీ పోయించేవారే తప్ప మాట మార్చేవారు కాదు. "హుషారుగానే ఉంటాదబ్బా. లోపలుండే తెగులు మొహాన రాసి ఉంటాదా?" పాజిటివ్ వస్తే ఆ సీడ్ పారబోయాల్సిందే, గుంటలో వదిలితే గుంటంతా తెగులే. రైతు మొహం వాడిపోయేది. అప్పుడు భుజం తట్టి, "సీడ్ పోతే పోయింది, గుంట మిగిలింది కదా" అనేవారు. ఆ మాట విని విని నాకు విసుగొచ్చేది.

ఒక మధ్యాహ్నం ల్యాబులోనే నాకు ఫిట్స్ వచ్చాయి. మెలకువ వచ్చేసరికి నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉన్నారు, తల కింద మస్తాన్ గారి తువ్వాలు. ఎవరో తాళాలగుత్తి నా చేతిలో పెట్టబోతే, "ఇనుముతో జబ్బులు పోయేదైతే నేను ల్యాబెందుకు పెడతానయ్యా?" అని తరిమారట. నెల్లూరు తీసుకెళ్లి చూపించిందీ ఆయనే. డాక్టరమ్మ ఒక మాత్ర పేరు చెప్పి, అది మొదలుపెట్టే ముందు రక్తం తీసి జన్యు పరీక్ష చేయిద్దామన్నారు. పుట్టుకతోనే ఒక రకం జన్యువు ఉన్న కొందరికి ఆ మాత్ర పడదట. ఒళ్లంతా బొబ్బలెక్కి, కాలినట్టు చర్మం ఊడిపోయి, ప్రాణం మీదికే రావచ్చట. రిజల్టు వచ్చేదాకా వేరే మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే కూర్చున్నచోటే నిద్ర.

మా అవ్వకు ఇదేమీ నచ్చలేదు. ఆదివారం చర్చిలో నేను తూగడం చూసి, మర్నాడే ఆటో ఎక్కి ల్యాబుకొచ్చింది, కొంగున మాత్రల అట్ట ముడేసుకుని. మా బాబాయికీ ఫిట్సే. డాక్టరమ్మ చెప్పిన ఆ మాత్రే ఏళ్లుగా వేసుకుంటూ గుండ్రాయిలా ఉన్నాడు.

"ఇది వేసుకో మే. మీ బాబాయికి పడింది నీకు పడదా? ఒకే రక్తం!" అంది అవ్వ. నిద్రమత్తులో నేను చెయ్యి చాచాను కూడా.

మస్తాన్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "అవ్వా, ఒకే హేచరీ, ఒకే రోజు పుట్టిన సీడ్. ఒక ట్యాంకుది బాగుంటాది, పక్క ట్యాంకుది పాజిటివ్ వస్తాది. కావాలంటే నీ మనవరాలినే అడుగు."

"రొయ్యకీ మనిషికీ పోలికేంది సాయిబూ?"

"రొయ్యకే ఇంత చూస్తుండామే, మనిషికి చూడొద్దా?"

అవ్వ నా వైపు తిరిగింది. రోజూ నా చేతులతో చూసేదాన్ని కాదనడమెట్లా? "అవునవ్వా, పక్క ట్యాంకుది పాజిటివ్ వస్తాది" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఇద్దరూ ఒకటైనారు" అని గొణుక్కుంటూ అవ్వ అట్టను మళ్లీ కొంగున ముడేసుకుంది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ఫోన్ చేశారు. ఫోన్ పెట్టేసి మస్తాన్ గారి వైపు తిరిగాను. "పాజిటివ్ సార్" అన్నాను. మా ల్యాబులో అంతకన్నా చెడ్డమాట లేదు. మస్తాన్ గారు నవ్వడం మొదలుపెట్టారు, కళ్ల నిండా నీళ్లతో. "ఇన్నేళ్లలో పాజిటివ్ వస్తే స్వీట్లు పంచాలనిపించింది ఇదే మొదలు. మాత్ర పోతే పోయింది, మా కరుణమ్మ మిగిలింది!" నెల్లూరు నుంచి మలైకాజాలు తెప్పించి, వ్యాన్ల దగ్గరున్న రైతులక్కూడా పెట్టారు. నా పెళ్లి కుదిరిందనుకుని వాళ్లు నన్ను దీవించారు. అవ్వ రెండు కాజాలు తిని, "ప్రభువే సాయిబు నోట మాట్లాడినాడు" అని తేల్చేసింది. డాక్టరమ్మ ఇచ్చిన ఇంకో మాత్ర నాకు బాగానే పడింది.

నాకు పడని మాత్ర పేరు రాసిన కార్డు ఇప్పటికీ నా పర్సులో ఉంటుంది. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అదే తీస్తాను. ఈ ఉదయం ఒక రైతు సీడ్ పాజిటివ్ వచ్చింది. పాపం, గుమ్మంలోనే కూలబడ్డాడు. టీ పోయించి, నాకు తెలియకుండానే ఆ పాత మాటే అన్నాను. "సీడ్ పోతే పోయింది, గుంట మిగిలింది కదన్నా."

"చెప్పేదానికి బాగానే ఉంటాది. గుంట మిగిలితే ఏమొస్తాదమ్మా?" అన్నాడతను చిరాగ్గా.

నేను రెండు చేతులూ చాచి చూపించాను. నున్నగా, ఒక్క బొబ్బ మచ్చయినా లేకుండా ఉన్నాయి.

"ఇదొస్తాదన్నా. మస్తాన్ గారు మిగిల్చిన గుంట నేనే. టీ తాగు, చెప్తాను."