కుడిచేత్తో విసిరిన ప్లేటు

డిసెంబరు వచ్చిందంటే నాంపల్లి స్టేషన్ దగ్గరి బేకరీ ముందు నుంచి నడవడం నాకిప్పటికీ కష్టమే. కేకు కాలుతున్న ఆ కమ్మటి వాసనకి అందరికీ నోరూరుతుంది, నేను మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాను. అసలే నేను పుట్టు భయస్తురాలిని.

తొంభైల్లో మేం ఆబిడ్స్ వెనక ఒక చర్చి కాంపౌండులో కిరాయికి ఉండేవాళ్లం. పండగ నెలంతా గులాబీ పువ్వుల పిండివంట వేయించే నూనె వాసన, గోడలకి కొత్తగా వేసిన సున్నం చలువ, సాయంత్రాలు క్రిస్మస్ పాటల ప్రాక్టీసు, ఆ సందడిలోనే మా గోళీలూ దాగుడుమూతలూ. అలాంటి ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, నాన్న తమ్ముడు ప్రభుదాస్ కాక ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికిందని గాల్లోకి విసిరి ఆడే ఫ్రిస్బీ, నారింజరంగు ప్లాస్టిక్ ప్లేటొకటి తెచ్చాడు. పిల్లలు ఎగరేసే పల్చటి రకం కాదది. అంచు మందంగా, చేతికి బరువుగా ఉండేది.

"జర మొండిది ఇది, ఎవరి మాటా ఇనది" అనేవాడు కాక. గేటు దగ్గర నిలబడి ఆయన కుడిచేత్తో బలంగా విసిరితే వేపచెట్టు దాకా తిన్నగా పోయి, చివర్లో మాత్రం ఎడమకి ఒరిగి దిగేది. పక్కింటి స్టీఫెన్‌ది పుల్లలాంటి చెయ్యి. వాడు విసిరితే సగం దూరమైనా పోకముందే ఎడమకి తిరిగి మా వరండాలో పడేది. నాదేమో ఎడమచేతి వాటం. నేను విసిరితే కుడివైపుకి, సైకిళ్లు నిలబెట్టే గోడ దిక్కుకి వంగేది. గాలి ఎటు వీచినా దాని పద్ధతి దానిదే.

నా ఎడమచెయ్యి మెదక్ నుంచి వచ్చిన మా నానమ్మకి గిట్టేది కాదు. "రేపు చర్చిల ప్రభువు బల్ల కాడ రొట్టె గిట్లనే అందుకుంటవా? సిగ్గు లేదా ఏంది?" అని, నేను హోంవర్కు రాసేటప్పుడు ఆ మణికట్టుని రుమాలుతో కుర్చీకి కట్టేసేది. ఆ నెలే ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని ఎండ కోసం వరండాలో కూర్చునేది.

పండగ దగ్గరపడ్డ ఒక మధ్యాహ్నం అమ్మ కేకు పిండి డబ్బాలు తీసుకుని, కాల్పించుకు రావడానికి బేకరీకి వెళ్లింది. కాకతో, స్టీఫెన్‌తో ప్లేటు ఆడుతుంటే నా వంతు వచ్చింది. ఎడమచెయ్యి ఎత్తానో లేదో వరండాలోంచి కేక వినబడింది. "కుడిచేత్తో ఎయ్యే!"

కుడిచేత్తో వేస్తే అది ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. "నానమ్మా, నువ్వు లోపలికి పో" అన్నాను. "నేనెందుకు పోత? నువ్వెయ్యి" అంది. వేశాను. ప్లేటు ఎడమకి తిరిగి నేరుగా ఆమె ముఖానికి తగిలింది. అద్దాలు పగిలి ఒళ్లో పడ్డాయి, ఆపరేషన్ అయిన కంటిమీద చెయ్యి పెట్టుకుని ఆమె ముందుకి వంగిపోయింది. కాక ఆటో పిలవడానికి పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే అమ్మ వేడివేడి కేకులతో గేటులోకి వచ్చింది.

దవాఖానలో కట్టు కట్టి, మూడు రోజులు విప్పొద్దన్నారు. చూపు సంగతి అప్పుడే చెప్పలేమన్నారట. నన్ను ఎవ్వరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది! కేకు ముట్టుకోలేదు, పాటల ప్రాక్టీసుకి పోలేదు. ఆ మూడు రోజులూ నా కుడిచేతిని నేనే రుమాలుతో కట్టేసుకుని, "ప్రభువా, ఆ కన్ను పోనీయకు" అని మంచం కింద కూర్చుని ప్రార్థించాను.

నాలుగోరోజు పొద్దున కట్టు విప్పించుకుని వచ్చి, నానమ్మ తిన్నగా పోయి వరండాలో అదే కుర్చీలో కూర్చుంది. డాక్టరు ఏమన్నాడో అడిగే ధైర్యం నాకు లేదు.

"ఆ ప్లేటు తే" అంది. "నీ చేత్తోనే ఎయ్యి. నాకెంత కానొస్తదో జూస్త."

బాగున్న కంటిని అరచేత్తో మూసుకుంది. నేను రుమాలు విప్పి, ఎడమచేత్తో విసిరి, ప్లేటుని కాదు ఆమె ముఖాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆ ముఖం మెల్లగా, ప్లేటుతో పాటే, సైకిళ్ల గోడ దిక్కుకి తిరిగింది.

"గోడకు తాకింది గదా?" అంది.

"ఔ నానమ్మా" అని, అక్కడే చతికిలబడి బోరున ఏడ్చేశాను.

ఇప్పుడా కాంపౌండులో కార్లు నిలబెడుతున్నారు. వరండా కొట్టేశారు, వేపచెట్టు నరికేశారు, కాక ప్లేటు ఎవరింట్లో పోయిందో కూడా తెలియదు. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. మంచాన పడ్డ చివరి నెలల్లో చెంచాతో ఆమెకి జావ తాగించింది నేనే, ఎడమచేత్తో. ఒక్కరోజు కూడా చెయ్యి మార్చమనలేదు.