స్పీకర్లు వెనక్కి తిప్పిన యాకూబ్ భాయ్

సోమవారం ఉదయం జగిత్యాల నుంచి మా ఆఫీసుకి ఫోను వచ్చింది. యాకూబ్ భాయ్ తమ్ముడు చెప్పిన మాట నమ్మలేక రెండోసారి చెప్పించుకున్నాను. "అన్న పోయిండు సార్. పొద్దుగాల చాయ్ తాగి గుండె పట్టుకున్నడు. గంతే." దోహానుంచి సెలవు మీద ఇంటికి వెళ్ళి పదిరోజులు కాలేదు. నలభై మూడేళ్ళ మనిషి.

ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికవారు నాలుగు మాటలు రాయమన్నారు. పాతవి తవ్వకుండా, ఆయన సౌమ్యస్వభావం గురించి రాస్తే బాగుంటుందని సలహా కూడా ఇచ్చారు. క్షమించాలి. యాకూబ్ భాయ్ సౌమ్యుడు కాడు. ఆయన గిటారు అందుకుంటే గోడల సున్నం రాలేది. పోయినవాణ్ణి పొగడ్తతో మెత్తబరచడం నాకు చేతకాని పని.

వృత్తిరీత్యా ఆయన ఎలక్ట్రీషియన్. సైట్లో ఒక అమెరికన్ ఫోర్‌మన్ తన దేశపు దక్షిణాది రాష్ట్రాల రాక్ సంగీతం క్యాసెట్లు ఇస్తే, అవి అరిగిపోయేదాకా విన్నాడు. "వాళ్ళ దక్షిణమైనా, మన దక్షిణమైనా ఎండ ఒక్కటే, మూర్తీ" అనేవాడు నాతో. ఆ బాణీలో తెలుగు, దక్కనీ మాటలు కట్టి తానే పాడేవాడు. బేస్ గిటారుకు ఒక మలయాళీ వెల్డరు, డ్రమ్ములకు నేను. నేను కాకినాడవాణ్ణి, అదే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ని. మా బ్యాండుకు 'కంకర' అని పేరు పెట్టింది కూడా ఆయనే. అల్ మన్సూరాలో మా ఫ్లాటులో మూడు వారాలు సాధన చేశాక కింది ఇంటివాళ్ళు పోట్లాటకు వచ్చారు. దాంతో లేబర్ క్యాంపు మెస్సుకి మారాం.

శుక్రవారం నమాజు, భోజనాలు అయ్యాక బల్లలు గోడకు నెట్టేవాళ్ళం. కూర్చోవడం నిషిద్ధం. "కూసుండి వినేది ఉపన్యాసం. పాటకు కాళ్ళు కావాలె" అనేవాడు. ఒకసారి పాట నడుమ యాంప్లిఫయర్ మొరాయించింది. జేబులోంచి టెస్టరు తీసి, అక్కడే విప్పి, బాగుచేసి మళ్ళీ అందుకున్నాడు. అంతసేపూ నేను డ్రమ్ములు ఆపలేదు, జనం చప్పట్లు ఆపలేదు. ఆ రోజు తర్వాత వేరే క్యాంపులనుంచి బస్సుల్లో రావడం మొదలుపెట్టారు.

ఆ కీర్తి విని సంఘంవారు వార్షికోత్సవానికి పిలిచారు. అల్ సద్‌లో పెద్ద హాలు. ముందు సోఫాల్లో మేనేజర్లు, కుటుంబాలు. వాళ్ళ మధ్య మా కంపెనీ మేనేజరు, మా ఆవిడ శారద. మా కోసం వచ్చిన క్యాంపువాళ్ళను మాత్రం వెనక గోడవద్ద తాడు కట్టి నిలబెట్టారు. కార్యదర్శిగారు వచ్చి, సౌండు తగ్గించమనీ, పెద్దలున్నారనీ అన్నారు.

"భాయ్, ఈ ఒక్కపూట సర్దుకుందాం. మన వీసాలు మేనేజరుగారి చేతిలో ఉన్నాయి" అని బతిమాలాను.

"వీసా ఆయన చేతిల ఉన్నది. పాట గాదు" అన్నాడు.

ప్లగ్గు పీకి, యాంప్లిఫయర్ భుజాన వేసుకుని, సోఫాల మధ్యనుంచి నడిచి తాడు దగ్గర దించాడు. స్పీకర్లను క్యాంపువాళ్ళవైపు తిప్పాడు. వెల్డరు ఆయన వెంట వెళ్ళాడు. నేను కదల్లేదు. డ్రమ్ములు బరువని కాదు, భయం. అప్పుడు శారద సోఫాలోంచి లేచి, స్టేజీ ఎక్కి, నా డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళాల స్టాండు ఎత్తుకుంది. "ఇంకా చూస్తారేంటండీ, పట్టండి" అంది. సిగ్గుతో లేచాను.

సోఫాలకు వీపులు పెట్టి వాయించాం. కొందరు పెద్దలు వెళ్ళిపోయారు. కొందరు లేచి వెనక్కి వచ్చి నిలబడ్డారు. మూడో పాటకల్లా తాడు నేలమీద ఉంది.

మరుసటి వారం మేనేజరు ఆయనను పిలిచి, క్షమాపణ పత్రం రాస్తే దోహాలోనే ఉండవచ్చన్నాడు. రాయలేదు. ఎడారిలో రెండు గంటల దూరానున్న సైటుకు బదిలీ చేశారు. ఎండకు పెదవులు పగిలినా, ప్రతి శుక్రవారం నీళ్ళ ట్యాంకరులో, ఒళ్ళో గిటారుతో దిగేవాడు. ఆ తర్వాత మమ్మల్ని పిలవని క్యాంపు లేదు. సంఘం మాత్రం మళ్ళీ పిలవలేదు. ఆ మాట ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. నేను చాలాసార్లు ఎత్తాను.

ఇప్పుడు అదే సంఘం సంతాపసభ తలపెట్టింది. కంకర ఆగిపోకూడదని సదుద్దేశంతో ఇద్దరు గిటారిస్టుల పేర్లూ పంపింది. ఆ మహామొండి మనిషికి ప్రత్యామ్నాయం లేదు. దొరికినా నాకు వద్దు. శుక్రవారం ఎడారిలో ఆయన క్యాంపులో వాయిస్తున్నాం. గిటారు భాగం ఎవరికీ ఇవ్వలేదు. అది రావలసిన చోట నా డ్రమ్ములు మాత్రమే నడుస్తాయి. ఆ వెలితి వినగలిగినవాళ్ళు రండి. నిలబడటానికి సిద్ధపడి రండి.