తలుపుకి ఇవతలే మైకు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే వేళకు, ఖరగ్‌పూర్‌లోని ఒక కమ్యూనిటీ రేడియో కేంద్రంలో తెలుగు నాటకాల నిర్మాతగా ఒప్పంద ఉద్యోగంలో చేరాను. అప్పటికే విశాఖపట్నంలో మూడు దశాబ్దాలకు పైగా రేడియో నాటకాలు నిర్మించి పదవీ విరమణ చేశాను. కమ్యూనిటీ రేడియో అంటే ఊరు దాటి ఎంతో దూరం వినబడని చిన్న కేంద్రం. ప్రేమ్ బజార్ దగ్గర ఒక మేడ మీద రెండు గదులు, ఒక ట్రాన్స్‌మిటర్, గోడలకు బొంతలు. తెలుగుకు ఆదివారం మధ్యాహ్నం అరగంట ఇచ్చారు. తాల్‌బగీచాలో ఇల్లు తీసుకుని రోజూ రిక్షాలో వెళ్ళి వచ్చేదాన్ని.

మాది ఉత్తరాంధ్రలో ఒకప్పటి ఎస్టేటు. మా తాతగారి హయాంలో ఏనుగు ఉండేది. మా నాన్నగారి హయాంలో ఏనుగుసాల ఉండేది. నా హయాంలో అక్కడ లారీల షెడ్డు ఉంది. నేను రేడియోలో చేరినప్పుడు, మన ఇంటి ఆడపిల్ల గొంతు ఊరందరూ వినడమేమిటని మా మేనత్త చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆస్తి పోయినా మా ఇంట్లో ఒక అలవాటు పోలేదు. ఎవరి గడపకూ వెళ్ళి పని చేసిపెట్టమని అడగం. ఆ అలవాటు ఉద్యోగంలో నాకు కొన్నిసార్లు ఉపయోగపడింది, కొన్నిసార్లు అడ్డుపడింది.

కేంద్రం వారు నాకు అప్పగించిన మొదటి పని, తెలుగు రైల్వే కుటుంబాలు ఉండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీ మహిళల బృందంతో ఆరు భాగాల నాటకం. అత్తాకోడళ్ళ కథ తెస్తారనుకున్నాను. రచయిత్రి ఎస్తేరు శనిగ్రహం తెచ్చింది.

ఎస్తేరుకు నలభై దాటి ఉంటాయి. రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్. వాళ్ళ కుటుంబం కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి మూడు తరాలైంది. చర్చిలో క్రిస్మస్ నాటికలు రాసి వేయించిన అనుభవం ఆమెది. ఈసారి రాసిన నాటకం పేరు ‘చివరి రిలే’. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక మంచు చందమామ మీద ఒంటరి రిలే కేంద్రం ఉంటుంది. దూరాన తిరిగే మూడు అంతరిక్ష ఓడల మాటలను భూమికి, భూమి మాటలను ఓడలకు అందించడం దాని పని. అక్కడ ఉన్న ఒకే ఒక ఉద్యోగిని రోహిణి. ఆమె కూతురు భూమి మీద చదువుకుంటోంది.

ఇక్కడి కథ ఏదైనా రాయవచ్చు కదా అని అడిగాను.

“ఇక్కడి కథ రాస్తే మా ఈదిలో ఎవుల గురించో రాసినానని తగువుకొస్తారండి. శనిగ్రహం మీద మాకు సుట్టాలు నేరు,” అంది.

స్క్రిప్టు చదివాక నా అభ్యంతరం మర్చిపోయాను. శనిగ్రహం నుంచి మాట భూమికి చేరడానికి గంటకు పైగా పడుతుంది. జవాబు రావడానికి మళ్ళీ అంత. రేడియో నాటకానికి సంభాషణే ప్రాణం, ఇక్కడ సంభాషణకే వీలులేదు. ఎస్తేరు ఆ ఇబ్బందినే నాటకంగా మలిచింది. కూతురు అడిగినదానికి తల్లి జవాబు చేరేసరికి కూతురు ఇంకో సంగతిలో ఉంటుంది. జ్వరం తగ్గిందా అని తల్లి అడుగుతుంటే పిల్ల బడిలో గెలిచిన బహుమతి గురించి చెబుతూ ఉంటుంది. ఒకరి మాట మరొకరి మాటను దాటుకుని పోతుంది. ఇది ఎలా తోచిందని అడిగాను.

ఆమె చెప్పినది ఇది. తండ్రి డ్యూటీలో పోతే, ఆ కారణంగా తల్లి దీనమ్మకు రైల్వేలో నాలుగో తరగతి ఉద్యోగం ఇచ్చారు. లైనులో చాలా దూరాన, రెండు పాసింజర్లు తప్ప ఏ బండీ ఆగని చిన్న స్టేషన్. అక్కడ బడి లేదు. ఎస్తేరును న్యూ సెటిల్‌మెంట్‌లో అమ్మమ్మ దగ్గర ఉంచి దీనమ్మ ఒక్కతే వెళ్ళింది. తల్లీ కూతుళ్ళ కబుర్లు, ఎస్తేరు దాదా, అంటే అన్నా, అని పిలిచే పాసింజరు గార్డు నోటిమాటగా మోసేవాడు.

“పొద్దున గార్డు దాదాకి సెప్తే సాయంత్రం బండికి జవాబొచ్చీది. ఈలోగా నానేటి అడిగినానో నాకే గురుతుండీది కాదు,” అని నవ్వింది.

రోహిణి పాత్రకు పార్వతిని ఎంచుకున్నాను. తెలుగు బడిలో టీచరు. పిల్లల మీద అరవకుండా చివరి బెంచీకి వినబడే గొంతు ఆమెది. మైకు ముందు అటువంటి గొంతు దొరకడం అరుదు.

సౌండ్ ఎఫెక్ట్స్ అన్నీ ఇళ్ళ నుంచే వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికే చప్పుళ్ళు నేను వాడను, అవి ఎవరి నాటకంలోనైనా ఒకేలా ఉంటాయి. హెల్మెట్ లోపలి గొంతు కోసం ఇత్తడి బిందెలో మూతి పెట్టి మాట్లాడించాను. ఓడ తలుపుకు స్టీలు బీరువా, దానికి తోడు ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలిన చప్పుడు. మంచు మీద నడకకు ట్రేలో కళ్ళుప్పు పోసి దాని మీద నడిపించాను.

“శనిగ్రహం మీద కూడా కళ్ళుప్పేనా వొదినా?” అంది పార్వతి.

“సలి ప్రదేశం గదా, నీరు కారదులే. నడు,” అంది ఎస్తేరు.

ఐదు భాగాలు ప్రసారమయ్యాయి. ఆరోదాని దగ్గర ఆగిపోయాం.

ఏ స్క్రిప్టునైనా రికార్డు చేసే ముందు కేంద్రం సలహా సంఘానికి మూడు ప్రతులు పంపాలి. వారు చదివి, పేజీ పేజీకి సంతకం చేసి తిరిగి పంపుతారు. దీన్ని వెట్టింగ్ అంటారు. సంఘానికి అధ్యక్షులు సూర్యనారాయణగారు. రైల్వే పర్సనల్ శాఖలో అధికారిగా పనిచేసి రిటైరైనవారు, గుడి కమిటీలో పెద్ద, మర్యాదస్తులు. ఆయన ఎదుట ఫైలు పెట్టాలంటే నాకు ఇష్టంగా ఉండేది, ఎందుకంటే ఆయన చదివేవారు.

ఆరో భాగంలో భూమి నుంచి ఓడ వస్తుంది. రోహిణి గడువు ముగిసింది, కానీ ఆమె స్థానంలో రావలసిన మనిషి రాలేదు. ఆమె వెళ్ళిపోతే రిలే మూగబోతుంది, ఆ మూడు ఓడలు దారి తప్పుతాయి. ఓడ కెప్టెన్ పిలుస్తాడు. ‘నేను రాను. మీరు వెళ్ళండి’ అంటుంది రోహిణి. తలుపు మూసుకుంటుంది. ఓడ వెళ్ళిపోతుంది.

సంఘం ఆ మాట కొట్టేసి, దాని స్థానంలో ‘వస్తున్నాను. అమ్మను క్షమించు తల్లీ’ అని రాసి పంపింది.

నేను కార్యాలయానికి వెళ్ళాను. సంఘానికి కొట్టివేసే అధికారం, తిరిగి పంపే అధికారం ఉన్నాయని, రచయిత అంగీకారం లేకుండా కొత్త మాట చేర్చే అధికారం నిబంధనల్లో లేదని చెప్పాను. సూర్యనారాయణగారు నిబంధనల పుస్తకం తెప్పించి చూశారు.

“నిజమే. చేర్చినది తీసేస్తాను. కానీ కొట్టేసినది కొట్టేసినట్టే. సంసారుల ఇళ్ళలో వినే కార్యక్రమం అమ్మా ఇది. కన్నబిడ్డ ఎదురుచూస్తుంటే రానుపొమ్మనే తల్లిని మనం చూపించలేం,” అన్నారు.

అది ఆయన అధికారంలోని విషయం. నమస్కారం చెప్పి వచ్చేశాను.

స్టూడియోలో చెప్పగానే ఎస్తేరు స్క్రిప్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

“మీరు సెప్పినారని ఐదు భాగాలూ తిరగరాసినాను మేడమ్‌గారూ. ఇది మాత్రం నా వల్ల కాదు. ఆ మాట తీసీస్తే రోహిణి ఓడెక్కీసినట్టే గదా. నాటకం ఆపీండి.”

పార్వతి మధ్యలో అందుకుంది. “సూర్యనారాయణగారి ఇంటావిడ నాకు గుళ్ళో రోజూ కలుస్తాది. మీరొక్క ఫోన్ సేసి ఆవిడతో మంచిగా సెప్తే పనైపోద్ది మేడమ్‌గారూ.”

నేను అటువంటి ఫోన్లు చేయనని చెప్పాను.

“మీకు ఫోనెందుకులెండి, మీకేటి పోద్ది,” అంది ఎస్తేరు. కోపంగా అనలేదు. సంచి భుజాన వేసుకుంటూ, “ఆదివారం మాయమ్మ రేడియో ఒళ్ళో ఎట్టుకుని వింటాదండి. పిల్లని ఒగ్గీసి ఉద్యోగం సూసుకుందని మా సుట్టాలు ఇప్పటికీ అంటారు. మాయమ్మ ఎప్పుడూ ఎదురు సెప్పలేదు. ఇప్పుడు రోహిణి ఓడెక్కీసిందంటే, నువ్వూ అప్పుడు బండెక్కి వచ్చీవలసిందని నానే రేడియోలో సెప్పినట్టు,” అంది.

ఆమెను కూర్చోమన్నాను. సంఘం పాస్ చేసిన చివరి పేజీ ముందు పెట్టుకుని మరోసారి చదివాను. అందులో మిగిలింది ఇంతే: ‘దృశ్యం: రిలే గది. కెప్టెన్: తలుపు వేసేస్తున్నాం రోహిణిగారూ, త్వరగా రండి. తలుపు మూసుకుంటుంది. ఓడ వెళ్ళిపోతుంది. సమాప్తం.’

రికార్డు చేసి వినిపిస్తానని, విన్నాక కూడా వద్దంటే నాటకాన్ని ఉపసంహరిస్తున్నట్టు నేనే సంఘానికి రాసిస్తానని ఎస్తేరుకు చెప్పాను. ఆమె ఒప్పుకుంది.

పాఠకులకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రేడియో నాటకంలో శ్రోతకు కళ్ళు లేవు. మైకు ఎక్కడ ఉంటే శ్రోత అక్కడ నిలబడి ఉన్నట్టు. మూసుకునే తలుపు ఒకటే అయినా దాన్ని రెండు వైపుల నుంచి రికార్డు చేయవచ్చు. మైకు ఓడలో ఉంటే తలుపు పడ్డాక ఇంజను చప్పుడు దగ్గరవుతుంది, రిలే గది చప్పుడు తెగిపోతుంది. శ్రోత రోహిణితో పాటు బయలుదేరినట్టు. మైకు గదిలోనే ఉంటే ఇంజను గోడ అవతల మొదలై దూరమై పోతుంది, గది చప్పుడు మిగులుతుంది. ఆ గదికి మేము తయారు చేసిన చప్పుడు, బోర్లించిన డేగిసాకు టేబుల్ ఫ్యాను ఆనించి తీసిన రొద. ఐదు వారాలుగా విన్నవారికి అది తెలుసు.

దృశ్యం రిలే గది అని పేజీలో ఉంది. సంఘం సంతకం దాని పక్కనే ఉంది. మైకు గదిలోనే పెట్టాను. పార్వతిని మైకు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను.

“నాకు మాటే నేదు గదండీ. ఏటి సెయ్యాలి?”

“రోజూ చేసే పని చేయండి. ఓడ వెళ్ళాక పిలుపు వస్తుంది. అందుకోండి.”

కెప్టెన్ పిలుపు బిందెలోంచి వచ్చింది. బీరువా తలుపు పడింది. కుక్కరు ఆవిరి. ఇంజను దూరమైంది. ఫ్యాను రొద మిగిలింది. పార్వతి ఊపిరి ఒకసారి గట్టిగా వినబడింది, కుర్చీ కదిలింది. అప్పుడు గ్లాసు మీద స్పూనుతో దూరపు ఓడల్లో ఒకదాని పిలుపు మోగించాం. మొదటి భాగం నుంచీ రిలే పిలుపు అదే. పార్వతి మీట నొక్కింది. రెండో పిలుపు. మళ్ళీ నొక్కింది. అక్కడ ఆపాను. ఆ సమయంలో బయట ఏ రైలూ కూత వేయలేదు, అదొక అదృష్టం.

ప్లేబ్యాక్ ఎస్తేరు తల వంచుకుని వింది. మళ్ళీ వేయమంది. రెండోసారి విన్నాక, “అధ్యక్షులవారు కొట్టీసింది కొట్టీసినట్టే ఉంచండి,” అంది.

ప్రసారానికి ముందు అధ్యక్షులు రికార్డింగు వినాలి. దాన్ని ప్రివ్యూ అంటారు. వెట్టింగ్ అయినదానికి, రికార్డయినదానికి తేడా ఉందేమో చూడడం దాని ఉద్దేశం. సూర్యనారాయణగారు పాస్ చేసిన ప్రతి ఎదుట పెట్టుకుని, ఒక్కొక్క మాటకు టిక్కు పెడుతూ విన్నారు. చివరి పిలుపు తర్వాత పెన్సిల్ కింద పెట్టారు.

“ఈవిడ ఓడ ఎక్కలేదా?” అన్నారు.

“ఎక్కినట్టు మీరు పాస్ చేసిన ప్రతిలో లేదండి.”

“ఎక్కలేదని కూడా లేదు.”

“లేదండి.”

ఆయన చివరి పేజీ వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పి చూశారు. దృశ్యం రిలే గది అన్నచోట వేలు ఆగింది.

“రానని అనిపిస్తే తప్పన్నాను. మీరు అసలు ఏమీ అనిపించలేదు,” అన్నారు. తర్వాత, “కుర్చీ చప్పుడు మాత్రం మీరు కావాలనే పెట్టారు.”

“అవునండి. అన్నీ కావాలనే పెట్టాను.”

“ఠీక్ హై,” అని సంతకం చేశారు. చేసి, ఇక నుంచి స్క్రిప్టుతో పాటు ఎఫెక్ట్స్ వివరాలు, మైకు ఎక్కడ ఉంటుందో కూడా సంఘానికి పంపాలని అన్నారు. ఆ నమూనా ఎవరు తయారుచేయాలని అడిగితే, “మీకంటే ఎవరికి చేతనవుతుందమ్మా?” అన్నారు. తయారుచేసి ఇచ్చాను.

ప్రసారమైన మర్నాడు షిఫ్టు ముగించుకుని ఎస్తేరు స్టూడియోకి వచ్చింది. దీనమ్మ చివరిదాకా కదలకుండా విందట. రేడియో కట్టేశాక కూడా ఒళ్ళోనే ఉంచుకుందట. చుట్టపుచూపుగా వచ్చిన ఒకామె, పాపం ఆ పిల్ల అన్నదట.

“అప్పుడు మాయమ్మ నోరు తెరిసినాదండి. ‘పిల్లకేటి, పిల్ల ఇంటికాడ తింటోంది. ఆ ఓడోలు ఎల్లిపోయీముందు ఆవిడికి బియ్యం పప్పు దింపినారా నేదా? అది సెప్పకుండా నాటకం కట్టీసినావేటే?’ అని నా మీద పడింది.”

ఆ సాయంత్రం దీనమ్మ కూతురికి ఆ స్టేషన్ సంగతులు చెప్పిందట. సరుకులు గూడ్సు బండి గార్డు పెట్టెలో ఎలా వచ్చేవో, రాని వారం ఏం తినేదో. ఎస్తేరు వాటిని ఇంతకు ముందు వినలేదు. అవన్నీ వరసగా నాకు చెప్పింది. నేను టీ తెప్పించాను.

నా ఒప్పందం ఏడాది చివర ముగిసింది. పొడిగించమని నేను అడగలేదు, వారూ అడగలేదు. ఎస్తేరు బృందం ఇప్పుడు మరో నిర్మాతతో రెండో నాటకం చేస్తోందని విన్నాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ నాటకం నుంచి నేను చెప్పగలిగింది ఒకటే. పైవారు ఒక మాట కొట్టేసినప్పుడు నిర్మాత మొదట చేయవలసిన పని మిగిలినదాన్ని మళ్ళీ చదవడం. కావలసినది చాలాసార్లు అందులోనే ఉంటుంది. లేకపోతే రచయిత తరఫున నాటకాన్ని వెనక్కి తీసుకోవాలి. ఈ రెండింటికీ మధ్య ఎవరినైనా బతిమాలవలసిన అవసరం నా ఉద్యోగంలో నాకు కనబడలేదు.