సాంచాలు ఆగిన పూట

దెబోరాకు నోరెక్కువని కామత్‌ఘర్ గల్లీలో అందరికీ తెలుసు. అయినా తెల్లారేసరికి తల్లులు పిల్లల్ని చంకనేసుకుని ఆమె గది ముందు నిలబడతారు. మరేం చేస్తారు? మరమగ్గాల పనికి పోయే ఆడవాళ్లకు చంటిపిల్లల్ని నమ్మి వదలడానికి ఆ గల్లీలో ఉన్నది ఆ ఒక్క గదే. గోడ అవతలే కార్ఖానా. పగలంతా సాంచాల మోత. మరమగ్గాలను ఇక్కడ అందరూ సాంచాలనే అంటారు. ఆ మోతలో మాట వినపడదు గనక అన్నం, నీళ్లు, పడుకో, దగ్గరికి రా, అన్నీ చేతి సైగలే. మగ్గాల దగ్గర పెద్దలు చెప్పుకునేదీ అట్లాగే.

పిల్లల్లో శుభమ్ అంటే దెబోరాకు ప్రాణం. వాడికి రెండేళ్లు నిండబోతున్నాయి. తల్లి రూపాలి కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంది. మధ్యాహ్నం పూట దెబోరా వాణ్ని ఎత్తుకుని జాలీ కిటికీలోంచి తల్లిని చూపిస్తుంది. ఏడుపు లేదు, పేచీ లేదు, సైగ చేస్తే చాలు వచ్చి కూర్చుంటాడు. "నీ కొడుకు బంగారం బిడ్డా. మిగిలింది కోతిమూక" అని రూపాలితో రోజూ అనేది. మాటలు రాలేదేమని రూపాలి ఒకసారి అడిగితే, "మగపిల్లలకు లేటైతది, గాబరేంది" అని కొట్టిపారేసింది కూడా.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. మోతకు అలవాటుపడ్డ పిల్లలు నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకున్నారు. శుభమ్ మాత్రం కదల్లేదు. "చూడుండ్రి, నా బంగారం ఎట్ల పండుకున్నడో" అని మురిసిపోయింది దెబోరా. అంతలో గట్టు మీది స్టీలు బిందె జారి సరిగ్గా వాడి తలాపున పడింది. ఏడ్చే పిల్లలు కూడా గప్‌చుప్ అయిపోయారు. వాడు మాత్రం నిద్రపోతూనే ఉన్నాడు.

వాడు లేచాక దెబోరా వెనక నిలబడి పిలిచింది. చప్పట్లు కొట్టింది. పళ్లెం మీద గరిటెతో వాయించింది. వాడు బొమ్మబండి తోసుకుంటూనే ఉన్నాడు. ముందుకొచ్చి చెయ్యి చాపితే నవ్వుతూ వచ్చి ఒళ్లో కూలబడ్డాడు.

రూపాలికి చెప్పాలి. ఎట్లా? నిరుడు ఒక పిల్ల నడకలో ఏదో తేడా ఉందన్నందుకు ఆ తల్లి గల్లీ అంతా వినేట్టు శాపనార్థాలు పెట్టి పిల్లను లాక్కుపోయింది. రూపాలీ అట్లాగే చేస్తే శుభమ్ మళ్లీ ఈ గడప తొక్కడు. చెప్పకపోతే ఎవరూ అడగరు, ఈ మోతలో ఇంకో ఏడాది గడిచిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. వాడు లేని గదిని తలచుకుంటే మాత్రం ఏడుపొచ్చింది.

కరెంటు ఇప్పట్లో రాదనుకుని రూపాలి పెందలాడే వచ్చింది, జుట్టునిండా నూలు దుమ్ముతో. దెబోరా ఆమెను కూర్చోబెట్టింది.

"బిడ్డా, వీనికి చెవులు వినపడ్తలేవు. మంచిగ పంటడని మెచ్చుకుంట కూసున్న గని నాకు సమజ్ గాలే."

"ఏం మాట్లాడ్తున్నవ్ పెద్దమ్మా! నేను రాంగనే ఉరికొస్తడు గదా!"

"చూసి ఉరుకుతడు. ఎనుక నుంచి పిలువు."

రూపాలి పిలిచింది. గొంతు పగిలేట్టు పిలిచింది. వాడు తిరగలేదు. ఆమె లేచి, వాణ్ని చంకనేసుకుని గుమ్మం దాకా పోయింది. ఇక వాణ్ని చూసే రాత లేదనుకుంది దెబోరా.

గుమ్మంలో రూపాలి ఆగింది. వాడు ఆమె మొహంలోకి చూస్తూ చూపుడువేలు గాలిలో గిరగిరా తిప్పుతున్నాడు.

"ఇదేంది పెద్దమ్మా? ఇంట్ల గూడ గిట్లనే తిప్పుతడు."

"ఈడ రోజు పొద్దూకంగ తలుపు దిక్కు చూసుకుంట తిప్పుతడు. నువ్వు కండెలు చుట్టేది చూసిండు గదా. నిన్ను పిలుస్తున్నడు బిడ్డా."

రూపాలి గడపలోనే కూలబడి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, తనూ వాడి ముందు వేలు తిప్పింది. వాడు కిలకిలా నవ్వాడు.

అప్పుడే కరెంటు వచ్చింది. గోడ అవతల సాంచాలన్నీ అందుకున్నాయి. రూపాలి ఏదో అంది, వినపడలేదు. ఇక చేత్తోనే చెప్పింది: రేపు దవాఖానకు పోదాం, నువ్వూ రా. ఎల్లుండి నుంచి వీడు మళ్లీ ఇక్కడే. దెబోరా కళ్లు ఒత్తుకుంటూ తల ఊపింది. తల్లి చంకలోంచి ఆ చేతుల్నే చూస్తున్న శుభమ్ కూడా తల ఊపాడు.