వంతెన దాటని పెదనాన్న

గువ్వ వాళ్ల పెదనాన్నకి ఉన్నది ఒక్కటే అలవాటు. అయితే అది పది అలవాట్ల పెట్టు. చేతిలో ఉన్నది పూర్తయితే తప్ప ఆయన కొత్తదాన్ని ముట్టుకోడు.

సబ్బు అరిగి అరిగి గోరంత అయినా సరే, అది వేళ్ల సందున జారి తూములో పడి తనంతట తాను చస్తే తప్ప కొత్త సబ్బు కాగితం విప్పడు. టూత్‌పేస్టు ట్యూబుని నిలువునా కోసి, లోపల గోకి, ఇంకో వారం లాగిస్తాడు. బీరువాలో ఏడు కొత్త చొక్కాలు మడత విప్పకుండా నిద్రపోతుంటాయి. ఒంటి మీదున్న చొక్కా కాలరు మాత్రం దారిన పోయేవాళ్లకి కూడా జాలి పుట్టిస్తుంది.

"ఈయన ఇష్టపడ్డ మొదటి అమ్మాయిని నేనే," అంటుంది పెద్దమ్మ. "ఏదో పోనీలే పాపమని ఒప్పుకున్నాను. లేకపోతే ముప్ఫయ్యారేళ్లుగా నా జవాబు కోసం మా వీధి చివరే నిలబడి ఉండేవాడు."

ఇక పేపరు సంగతి. మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చివరి పేజీ అడుగున అచ్చేసినవాళ్ల చిరునామా దాకా చదివితేగానీ ఆయన లెక్కలో ఒక పేపరు పూర్తయినట్టు కాదు. అందువల్ల లోకం కన్నా నాలుగు నెలలు వెనకబడ్డాడు. జోరున వాన కురుస్తుంటే వడగాడ్పుల వార్త చదివి, "ఎవరూ ఎండలోకి వెళ్లకండర్రా!" అని ఇంటిల్లిపాదినీ హెచ్చరిస్తాడు. ఒకసారి ఎన్నికలయిపోయి, గెలిచినవాళ్లు కుర్చీలెక్కి, ఒకరిద్దరు దిగిపోయాక కూడా, సెలూన్‌లో కూర్చుని, "ఈసారి ఎవరు గెలుస్తారంటావ్?" అని అడిగాడు.

సెలూన్ అతను కత్తెర ఆపాడు. "గెలవడమేంటండీ, ఆయన ఎప్పుడో..."

"చెప్పకు! నేనింకా అక్కడిదాకా రాలేదు!" అంటూ పెదనాన్న రెండు చెవులూ మూసుకున్నాడు. చెవులు మూసుకున్న మనిషికి చెవుల పక్కన జుట్టు కత్తిరించడానికి పాపం ఆ సెలూన్ అతను నానా తంటాలూ పడ్డాడు.

పెదనాన్నది పుస్తకాలు బైండింగు చేసే కొట్టు. ఒక గది, ఒక బల్ల, జిగురు గిన్నె, దారపు కండెలు, పుస్తకాల్ని బిగించే ఇనప ప్రెస్సు. అక్కడా అదే వరస. ముందొచ్చిన పుస్తకం ముందు. ఓసారి ఒక లెక్చరరమ్మ రొప్పుకుంటూ వచ్చి, తన పరిశోధన పుస్తకం మర్నాడు పొద్దున్నే ఇచ్చుకోవాలని బతిమాలింది.

"మీకన్నా ముందు ఒక వంటల పుస్తకం ఉందండీ," అన్నాడు పెదనాన్న.

"వంటలు ఒకరోజు ఆగలేవా బాబాయ్ గారూ?"

"ఆగుతాయమ్మా. నేనే ఆగలేను. సగంలో ఉన్నాను."

ఆవిడ కాసేపు తల పట్టుకుని, చివరికి కొంగు బిగించి బల్లకి ఇటు పక్కన కూర్చుని, వంటల పుస్తకం కుట్టడానికి తనే సూదిలో దారం ఎక్కించింది. చీకటి పడేలోగా రెండూ అయ్యాయి. ఆవిడకి వంకాయతో పదకొండు రకాలు కూడా వచ్చేశాయి.

ఇలాంటి మనిషి చేతిలో నాలుగేళ్ల కిందట గువ్వ ఒక ఆట పెట్టింది. అప్పుడే ఆమెకి ఆన్‌లైన్ ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. దీవుల ఆట అది. మొదట ఒక చిన్న ఊళ్లో దిగాలి. ఊరంతా తిరిగి, చివరనున్న వంతెన దాటితే రెండో దీవి. అక్కణ్ణుంచి మూడోది. ఆరు నెలలకొక కొత్త దీవి వస్తూ ఉంటుంది.

"ఈ వంతెన నేనే చేశాను పెదనాన్నా! నా మొదటి పని!" అని ఫోను చూపించింది గువ్వ.

పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "బంగారంలా ఉందమ్మా. నేనూ ఆడతాను."

ఆడుతూనే ఉన్నాడు. నాలుగేళ్లయింది. లోకమంతా తొమ్మిదో దీవికి చేరింది. పెదనాన్న మాత్రం మొదటి ఊళ్లోనే ఉన్నాడు. ఇంట్లో అందరికీ అదో వేళాకోళం. "ఏమండీ, వంతెన దాటారా?" అని పెద్దమ్మ అడగడం, "నేనింకా అక్కడిదాకా రాలేదు," అని ఆయన చెప్పడం. ప్రతి గడపా తట్టి, ప్రతి రాయీ లెక్కపెడుతున్నాడు కాబోలు అనుకున్నారు. ఆయన సంగతి తెలిసిందే కదా!

గువ్వ ఇప్పుడు బొమ్మలు చేసే పనిలో లేదు. ఆడేవాళ్ల అభిప్రాయాలు పోగుచేసే బల్ల దగ్గర కూర్చుంటోంది. ప్రతి శుక్రవారం ఆటగాళ్లని ఒకటే ప్రశ్న అడగాలి: "కొత్త దీవులు వస్తున్న వేగం మీకు తృప్తిగా ఉందా?" నూటికి తొంభై మంది జవాబు ఒకటే: చాలా నెమ్మది. ఇరవైమంది ఆరు నెలలపాటు కళ్లు కాయలు కాసేలా కూర్చుని ఒక దీవిని తయారుచేస్తారు. పొద్దున్న విడుదలైతే మధ్యాహ్నానికల్లా గుటకాయస్వాహా. సాయంత్రానికి, "తర్వాతది ఎప్పుడు?" అని ఉత్తరాలు.

అన్ని వేల జవాబుల మధ్య ప్రతి వారం ఒక్కటి మాత్రం వేరుగా వచ్చేది. "చాలా వేగంగా ఉంది. కాస్త ఆగండి బాబూ." అది ఎవరిదో గువ్వకి వేరే చెప్పనక్కర్లేదు.

ఆఫీసులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. కొత్తగా ఆటలో చేరినవాళ్లలో చాలామంది మొదటి రోజే మానేసి పోతున్నారు. అయితే సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మధ్య చేరినవాళ్లు మాత్రం మానరు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకాయన సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది కాబట్టి అన్నాడు. ఇంకొకావిడ అప్పుడు కడుపులో టిఫిను ఉంటుంది కాబట్టి అంది. దీని మీద మూడు మీటింగులు జరిగాయి. మూడిట్లోనూ టిఫిను మాత్రం ఖాయం చేశారు.

నాలుగో మీటింగులో మేనేజరు తేల్చేశాడు. "జనానికి కావాల్సింది వేగం. ఆ పాత ఊళ్లో నడిపించడం వల్లే విసుగొచ్చి పోతున్నారు. వచ్చే నెల ఒకటో తారీఖున మొదటి ఊరు తీసేద్దాం. కొత్తవాళ్లు తిన్నగా తొమ్మిదో దీవిలో దిగుతారు."

గువ్వ చెయ్యెత్తింది. "అక్కడింకా ఒకాయన ఉన్నారండీ," అంది.

"ఎంతమంది?"

"ఒక్కరే."

అందరూ నవ్వారు. గువ్వ కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. నాలుగేళ్లుగా ఒక ఊరిని నమ్ముకున్న మనిషికి, ఆ ఊరు ఇంకో పది రోజుల్లో ఉండదని చెప్పాల్సింది తనే. అసలు అంతకాలం ఆయన అక్కడ ఏం చేస్తున్నాడో ఒక్కసారైనా అడగలేదని అప్పుడు తట్టింది. అడగలేదని సిగ్గేసింది. తెలుసుకోవాలని ఆత్రం కూడా కలిగింది.

మర్నాడు సెలవు పెట్టి, సాయంత్రం అయిదు కాకుండానే కొట్టుకి వెళ్లింది. పెదనాన్న అప్పటికే చేతులు కడుక్కుని, ప్రెస్సు బిగించి, స్టూలు మీద కూర్చుని ఫోను పుస్తకాల దొంతరకి ఆనించుకున్నాడు. కుడి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"వేలికేమైంది పెదనాన్నా?"

"సూది గుచ్చుకుందిలే. కూర్చో, కూర్చో." ఆయన ఫోనుని మెల్లిగా తన వైపు తిప్పుకోబోయాడు.

గువ్వ ఊరుకుంటుందా? స్టూలు లాక్కుని పక్కనే చేరింది. తెర మీద వంతెన, వంతెన పక్కన చక్రం, చక్రం దగ్గర పెదనాన్న బొమ్మ. ఇంతలో ఊళ్లోంచి ఎవరో కొత్త మనిషి బొమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఆగింది. పెదనాన్న ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరమే వెతికి వెతికి కొట్టాడు. "రండి. బావి దగ్గర తాడు తీసుకున్నారా? అవతల ఒడ్డున కావాలి." ఆ మనిషి వెనక్కి పరుగెత్తి తాడు తెచ్చుకుంది. పెదనాన్న బొటనవేలితో చక్రాన్ని అదిమి పట్టాడు. వంతెన కిందికి దిగింది. మనిషి దాటింది. పెదనాన్న వేలు తీశాడు. వంతెన మళ్లీ పైకి లేచింది. ఆయన మాత్రం ఇవతలే ఉన్నాడు.

"నువ్వు రావా తాతా?" అని అవతల ఒడ్డు నుంచి అక్షరాలు వచ్చాయి.

"నేనింకా అక్కడిదాకా రాలేదు," అని కొట్టాడు పెదనాన్న.

గువ్వ తెర మూలకి చూసింది. అక్కడ చిన్న అంకెల్లో ఉంది: మొదటి ఊరు, నూటికి నూరు పూర్తి. పక్కన తేదీ. మూడున్నరేళ్ల కిందటిది.

"పెదనాన్నా! ఎప్పుడో పూర్తయింది కదా!"

పెదనాన్న మొహం దొంగతనం చేసి దొరికిపోయినట్టయింది. "అదీ... కొంచెం... రాళ్లు లెక్కపెట్టడం..."

"నిజం చెప్పు."

"ఒకళ్లు చక్రం పట్టుకుంటేనేగా తల్లీ ఇంకొకళ్లు దాటేది! మొదట్లో జనం కిటకిటలాడేవాళ్లు, సరిపోయింది. కొత్త దీవి వచ్చినప్పుడల్లా అందరూ ముందుకి పరుగెత్తారు. ఇక్కడ ఎవరూ మిగల్లేదు. కొత్తవాళ్లు వంతెన దగ్గరకొచ్చి, పైకి చూసి, కిందకి చూసి, ఆట పాడయిందనుకుని పోతున్నారు. కొట్టు కట్టేశాక ఓ మూడు గంటలు నేను పట్టుకుంటున్నాను. దీవి విడుదలైన వారం మాత్రం వేలు వాచిపోతుంది. అందుకే కాస్త ఆగండి బాబూ అని రాసేది."

గువ్వ నుదురు కొట్టుకుంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు మీటింగులు, మూడు పళ్లేల టిఫినూ!

"మరి నాకెందుకు చెప్పలేదు? ఒక్కరోజులో బాగుచేసేదాన్నిగా!"

పెదనాన్న జిగురు గిన్నె మూత సర్దాడు. సర్దిన మూతనే మళ్లీ సర్దాడు. "ఆ వంతెన నువ్వు చేశావన్నావుగా. నీ మొదటి పని. అందులో తప్పుందని నీకు ఏ నోటితో చెప్పను? మీ ఆఫీసులో తెలిస్తే నీ ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమోనని..."

గువ్వకి ఒక్కసారిగా నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. తన తప్పు కనపడకుండా మూడున్నరేళ్లు ఒక మనిషి బొటనవేలు అడ్డం పెట్టాడు! ఆయన్ని గట్టిగా కావలించుకోవాలనిపించింది గానీ, అంతలో ఇంకొకరు వంతెన దగ్గరికి వచ్చారు. ఆ రోజు ఎనిమిదింటిదాకా చక్రం గువ్వే పట్టుకుంది. పద్నాలుగు మంది దాటారు.

మర్నాడు ఆఫీసుకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేనేజరు నమ్మలేదు. "నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నాం, వంతెన బాగానే ఉంది."

"మనం ఎప్పుడూ వంతెన దాటలేదండీ. ఉద్యోగుల తాళంతో ఏ దీవిలో కావాలంటే ఆ దీవిలో దిగుతాం."

మేనేజరు పంతానికి పోయి, కొత్తవాడిలాగా ఆటలో చేరాడు. నాలుగింటికి వంతెన దగ్గరికి చేరాడు. చక్రం తిప్పాడు, వంతెన దిగింది. చక్రం వదిలి పరుగెత్తాడు, వంతెన లేచింది. ఇలా పన్నెండు సార్లు. కాఫీ తాగొచ్చి మళ్లీ ఆరు సార్లు. ఆఫీసంతా ఆయన వెనక గుంపుగా నిలబడింది. అయిదూ అయిదుకి తెర మీద ఒక ముసలి బొమ్మ ప్రత్యక్షమై, ఒక్కొక్క అక్షరమే కొట్టింది. "రండి బాబూ. తాడు తీసుకున్నారా?"

"లేదండీ," అన్నాడు మేనేజరు.

"వెళ్లి తెచ్చుకోండి. నేనుంటాను."

మేనేజరు బుద్ధిగా వెళ్లి తాడు తెచ్చుకున్నాడు. దాటాక కుర్చీ తిప్పి, వెనకున్న గుంపు వైపు చూశాడు. "ఈ వంతెన చేసిందెవరు?" అన్నాడు.

"నేనేనండీ," అంది గువ్వ, చేతులు వెనక్కి పెట్టుకుని.

"రేపటికల్లా బాగుచెయ్యి. ఊరు తీసెయ్యడం లేదు."

గువ్వ చక్రానికి ఒక కొక్కెం పెట్టింది. ఇప్పుడు ఎవరికి వాళ్లే తగిలించి దాటొచ్చు. వారం తిరిగేసరికి కొత్తవాళ్లు పొద్దున్నా మధ్యాహ్నం కూడా నిలబడుతున్నారని లెక్కలు చెప్పాయి. పెదనాన్న వేలికి గుడ్డపీలిక ఊడింది. ఆదివారం సాయంత్రం పెద్దమ్మ కాఫీ పట్టుకుని పక్కనే నిలబడి చూస్తుండగా, ఆయన కొక్కెం తగిలించి, నాలుగేళ్ల తర్వాత, వంతెన దాటాడు.

బుధవారం గువ్వకి ఆఫీసులో ఫోనొచ్చింది.

"గువ్వా, పనిలో ఉన్నావా? ఈ రెండో దీవిలో ఒక పడవుందమ్మా. అది కదలాలంటే ఇద్దరు కావాలి, ఒకళ్లు తెడ్డు వెయ్యడానికి, ఒకళ్లు చుక్కాని పట్టుకోడానికి. ఇదివరకు అందరూ సాయంత్రం ఆ మూడు గంటల్లోనే వరసగా దాటేవాళ్లు, జత దొరికేది, తెలియలేదు. ఇప్పుడు ఒక్కొక్కళ్లే వచ్చి ఒడ్డున కూలబడుతున్నారు. ఇది కూడా నువ్వే చేశావా?"

"లేదు పెదనాన్నా. అది మా మేనేజరుగారు చేశారు."

అవతల జిగురు గిన్నె మూత సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"పిల్లలున్నారా ఆయనకి?"

"ఇద్దరు."

"అయితే ఏమీ అనకు పాపం," అన్నాడు పెదనాన్న గొంతు తగ్గించి. "సాయంత్రాలు నేను చూసుకుంటాలే."