చాప దించని రాత్రులు

గోదావరి పక్కన పుట్టి పెరిగి కూడా ఈత రాని మనిషిని నేను. నేర్పాలని నా చిన్ననాటి స్నేహితుడొకడు చాలా తంటాలు పడ్డాడు. ఎనిమిదో తరగతిలో ఉండగా కాలవలో నా నడుం కింద చెయ్యి పెట్టి, "వదలనురా, వదలను" అంటూనే వదిలేసేవాడు. నేను నీళ్ళు తాగి, దగ్గుకుంటూ గట్టెక్కి, వాడి ఏడు తరాల్నీ తిట్టేవాణ్ణి. అలాంటి నాకు వాడు తన సముద్ర ప్రయాణం బాధ్యత అప్పగించాడు. ఎవరికి ఏ పని చెప్పాలో మొదటినుంచీ తెలియదు వాడికి.

వాళ్ళది నరసాపురం అవతల, రేవుకి దగ్గర్లో చేపలు పట్టుకునే కుటుంబం. మాది వరి చేలున్న ఇల్లు. బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నాం. పదో తరగతిలో లెక్కల పేపరు నేను వాడికి చూపించాను, ఆ కృతజ్ఞత కింద వాడు మా ఇంటికి ఏడాదంతా పీతలు మోశాడు. తరవాత నేను హైస్కూల్లో సోషల్ మాస్టార్నయ్యాను. వాడు సరుకుల ఓడలమీద పనికి పోయాడు. ఇరవై ఏళ్ళు పైగా తిరిగి తిరిగి, చివరికి ఆస్ట్రేలియా పడమటి తీరంలో పడవలు బాగుచేసే షెడ్డులో కుదురుకున్నాడు. అక్కడే ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. మా వంటిల్లూ వెనక వసారా కలిపితే ఎంతో అంత ఉంటుందట. మూడేళ్ళపాటు సెలవురోజుల్లో దానికి మరమ్మతులు చేసుకున్నాడు. నిరుడు ఒక ఆదివారం ఫోన్ చేసి, ఆ పడవలో ఒక్కడే హిందూ మహాసముద్రం దాటి మారిషస్ వెళ్తానన్నాడు.

"నీకేమైనా పోయేకాలమా?" అన్నాను.

నవ్వాడు. "ఇన్నేళ్ళూ ఓడలమీద తిరిగాను గానీ సముద్రం మీద తిరగలేదురా పంతులూ. మా నాన్న చాప కట్టి తిరిగాడు. ఒక్కసారి నేనూ తిరిగొస్తాను" అన్నాడు.

పోయేకాలం అన్న మాట మేం రోజుకి పదిసార్లు అనుకునేదే. ఆ రోజు అనకుండా ఉంటే బాగుండేది.

వాడు నన్ను అడిగింది ఒక్కటే. పడవలో ఒక చిన్న పరికరం ఉంటుంది. ఆరు గంటలకోసారి పడవ ఎక్కడుందో అది చెబుతుంది. కంప్యూటర్లో మ్యాప్ మీద చుక్క పడుతుంది. వాళ్ళమ్మ దగ్గరున్నది బటన్ల ఫోను, ఆవిడకి ఇవేవీ కనపడవు. "అమ్మ రోజూ పొద్దున్నే మీ వీధికి చేపలు తెస్తుంది కదా. నేనెక్కడున్నానో, ఎంత దూరం వచ్చానో చెప్పు చాలు. నెల్లాళ్ళ పని. ఆ మాత్రం చెయ్యలేవా?" అన్నాడు.

వాళ్ళమ్మని నేను చిన్నప్పటినుంచీ పిన్నీ అనే పిలుస్తాను. ఆవిడ మాత్రం నాకు ఉద్యోగం వచ్చిన రోజునుంచీ బాబూ అనడం మానేసి మాస్టారూ అంటుంది. వద్దంటే వినదు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. రేవు దగ్గర చేపలు కొనుక్కుని, గంప ఆటోలో వేసుకుని వచ్చి మా నాలుగు వీధుల్లోనూ అమ్ముకుంటుంది. కొడుకు డబ్బు పంపిస్తున్నా ఆ గంప దింపలేదు.

చెప్పిన పని చెప్పినంతలో చేసి ఊరుకునే రకం కాదు నేను. వసారా గోడకి పెద్ద మ్యాప్ తగిలించాను. రోజుకి నాలుగు గుండుసూదులు గుచ్చి వాటి మధ్య ఎర్ర దారం కట్టాను. అక్షాంశం, రేఖాంశం, వ్యాపార పవనాలు అంటూ వచ్చినవాళ్ళందరికీ పాఠం చెప్పాను. "పడవ ఆయన నడుపుతున్నారా, మీరా?" అని మా ఆవిడ వేళాకోళం చేసేది. పిన్నికీ చెప్పాను, గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో, ప్రవాహం ఎటు పోతుందో. పుట్టినప్పటినుంచీ సముద్రం ఒడ్డున బతికిన మనిషికి! తాతకి దగ్గులు నేర్పడమంటే అదే. ఆవిడ ఓపిగ్గా విని, "ఆయ్, అలాగాండి. ఇంతకీ నిన్న ఎంత దూరమొచ్చాడండి?" అనేది. "నూట పది మైళ్ళు పిన్నీ." "చల్లగా రావాలండి" అని గంప ఎత్తుకునేది.

రెండు మూడు రోజులకోసారి నా ఫోనుకి వాడి సందేశం వచ్చేది. "గాలి బాగుంది. ఉప్మా మాడింది." "తిమింగలం కనపడింది. నీకన్నా సన్నంగా ఉంది." అవి చదివి వినిపిస్తే పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పదిహేడో రోజున, సందేశాలకి కట్టిన ప్యాకేజీ అయిపోవచ్చిందనీ, ఇకమీద అవసరమైతేనే రాస్తాననీ, చుక్కలు చూసుకోమనీ రాశాడు. తరవాత వాడి దగ్గర్నుంచి మాట రాలేదు. నేను కంగారు పడలేదు. చుక్కలు వస్తూనే ఉన్నాయి.

ఆ చుక్కల్లో వచ్చిన తేడా నాకు కనపడింది. కనపడలేదని సర్దిచెప్పుకునే దారి కూడా నాకు లేదు. మొదట్లో పగటి చుక్కలు ఎడంగానూ, రాత్రి చుక్కలు దగ్గరగానూ పడేవి. రాత్రిళ్ళు బద్ధకంగా పడుకుంటున్నాడని నవ్వుకునేవాణ్ణి. ఇరవయ్యో రోజు దగ్గర్నుంచి చుక్కలన్నీ సమానమైన దూరంలో పడసాగాయి. గోడమీద సూదులు కొలబద్ద పెట్టి గుచ్చినంత తీరుగా ఉన్నాయి. నాకు ముచ్చటేసింది. చేయి తిరిగిందని సంబరపడ్డాను. పిన్నికి మాత్రం రోజుకి ఇన్ని మైళ్ళని మొత్తమే చెబుతూ వచ్చాను. పగలెంత, రాత్రెంత అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున పిన్ని మా పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని సందువా చేపలు తోముతోంది. మారిషస్ ఇంకో మూడు రోజుల్లో వచ్చేస్తుంది. నేను ఉషారుగా ఉన్నాను.

"నీ కొడుకు ఆరితేరిపోయాడు పిన్నీ. ఇదివరకు రాత్రయితే నత్తనడక నడిచేవాడు. ఇప్పుడు పగలూ రాత్రీ ఒకటే పరుగు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "రాత్రి కూడానాండి?"

"రాత్రి కూడా. రవ్వంత తేడా లేదు."

"ఎన్నాళ్ళ నుంచండి?"

వెళ్ళి మ్యాప్ చూసి వచ్చాను. "తొమ్మిది రోజులుగా" అన్నాను. గొప్పగానే అన్నాను.

పిన్ని చేపని పళ్ళెంలో పెట్టింది. చేతులు కడుక్కోలేదు. "మాస్టారూ, వాళ్ళ నాన్న పొద్దుగూకితే చాప సగానికి దించేసేవోరండి. చీకట్లో వచ్చే గాలి చెప్పి రాదనేవోరు. వీడికి నడక వచ్చిన కాడ్నించీ అదే నేర్పారు. నా కొడుకు రాత్రిపూట నిండు చాప కట్టడండి. ఎవరికైనా ఫోన్ చెయ్యండి" అంది.

నేను వాదించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది. పడవ దానంతటది దారి తప్పకుండా వెళ్తోంది కదా అన్నాను. గాలిని బట్టి తనంతట తానే చుక్కాని తిప్పుకునే పరికరం దానికి ఉందని వాడు చెప్పిన సంగతి నాకు తెలుసు. పడవ నడవడానికి మనిషే అక్కర్లేదన్న ముక్క అందులోనే ఉంది. పాఠం అప్పజెప్పడం వేరు, అర్థం కావడం వేరని పిల్లలకి రోజూ చెప్పేది నేనే.

"చెయ్యండి మాస్టారూ" అంది పిన్ని మళ్ళీ. గొంతు పెంచలేదు.

షెడ్డు యజమానికి ఫోన్ చేశాను. ఆయన అక్కడి సముద్ర రక్షణ విభాగానికి చెప్పాడు. మర్నాటికి ఒక సరుకుల ఓడ ఆ పడవ దగ్గరికి చేరింది. తెరచాప నిండుగా ఎత్తి ఉంది. పడవలో ఎవరూ లేరు. పొయ్యి మీద గిన్నె బోర్లించి ఉంది. గోడకి రెండు లైఫ్ జాకెట్లు ఉండాలని యజమాని చెప్పాడు, ఒకటే ఉంది.

సాయంత్రం ఒక అధికారి నాతో ఫోన్లో మాట్లాడాడు. మర్యాదస్తుడు. చుక్కల వివరాలన్నీ అడిగాడు. నేనే ఉండబట్టలేక, చుక్కలు మారిన మొదటి రోజే చెప్పి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆయన, ఆ దారిలో ఓడలు తిరుగుతూనే ఉంటాయనీ, వాటిని మళ్ళించి ఉండేవాళ్ళమనీ అన్నాడు. ఆ నీళ్ళలో జాకెట్ వేసుకున్న మనిషి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, తేలుతూ ఉండగలడట. దొరికేవాడని మాత్రం చెప్పలేమన్నాడు. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను. గోడమీద మ్యాప్ దారాలతో సహా చుట్టేశాను. మా ఆవిడ ఏదో అడిగితే కసిరాను. తరవాత పెరట్లోకి వెళ్ళి, నలభై ఆరేళ్ళ మగాణ్ణి, పంపు దగ్గర కూర్చుని ఏడ్చాను.

పిన్నికి పడవ దొరికిందనీ, వాడు లేడనీ మాత్రమే చెప్పాను. జాకెట్ సంగతి చెప్పలేదు.

వారం తరవాత ఆవిడ గంప లేకుండా వచ్చింది. వసారాలో కింద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది.

"వాడికి రోజు కావాలండి, మాస్టారూ. ఏటా తద్దినం పెట్టుకోవాలి కదండి. మా మావగారు వేటకెళ్ళి రాకపోతే బయల్దేరిన రోజే లెక్క పెట్టుకున్నామండి. వీడు బయల్దేరాక చాలా రోజులున్నాడు కదండి. అది వాడి రోజు కాదు. మీరే చూసి చెప్పాలండి."

చుట్టేసిన మ్యాప్ తీసి నేలమీద పరిచాను. నా చేతులతో గుచ్చిన సూదుల్ని వెనక్కి లెక్కపెట్టాను. రాత్రి చుక్కలు దగ్గరగా పడటం ఎప్పుడు ఆగిందో వెతికాను. ముప్ఫై మంది పిల్లలకి వంద మ్యాపులు దిద్దినవాణ్ణి, నలభై సూదులు లెక్కపెట్టడానికి మూడుసార్లు తప్పాను.

"మంగళవారం. సోమవారం రాత్రి దించాడు. మంగళవారం రాత్రి దించలేదు" అన్నాను.

"పొద్దుగూకే వేళన్నమాట. చాప దించడానికే లేచుంటాడండి" అంది.

నాకు అంతవరకూ ఆ ఆలోచన రాలేదు. వాడు వాళ్ళ నాన్న చెప్పిన మాట తప్పలేదు, ఆ పని మీదే పడవ ముందుకి నడిచి ఉంటాడు. పిన్ని ఆ సూది మీద వేలు పెట్టి నిమిరింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజుల గురించి ఆవిడ అడుగుతుందని భయంగా ఉంది. ఆవిడ అది అడగలేదు.

"అక్కడ నీళ్ళు చల్లగా ఉంటాయాండి?" అంది.

"బాగా చల్లగా ఉంటాయి పిన్నీ. మంచునీళ్ళే. ఐదు నిమిషాలు కూడా పట్టదు."

"పోన్లెండి" అంది ఆవిడ, లేవడానికి నేలమీద చెయ్యి ఆనిస్తూ. "అయితే మనకోసం ఎక్కువసేపు చూసుండడు."

"లేదు పిన్నీ" అన్నాను.

ఆ నీళ్ళు చల్లవి కావు. వాడు చాలాసేపు చూసే ఉంటాడు.